ఒక్క మూపురం

నోటుబుక్కుల్ని చేపలంగడి కాగితంలో చుట్టి తెస్తాడు
ఎవుదోరో బసానీ.
మోంతెవిదెయో రేవులో నలభై ఏళ్లు క్రేన్ నడిపిన మనిషి.
ఎడమచేతి వాటం.
రాసిన వాక్యాన్ని రాసినట్టే
అరచేతి అంచు తుడుచుకుంటూ పోతుంది.
అందుకే అతని నవలలో ఎప్పుడూ కాస్త మబ్బు.

నేను నేలిదాని. పేజీకి ఇంతని టైపు చేసిపెడతాను.
కీబోర్డు ఎరగని సంగతులు కొన్ని నేనెరుగుదును.
నలభైమూడో పేజీ మీద
మాతే తాగే సొరబుర్ర అడుగు గుండ్రంగా అచ్చుపడింది.
ఆ తర్వాత దక్షిణపు గాలి లేచినట్టుంది,
అక్షరాలన్నీ ఒక పక్కకి ఒరిగాయి.
పడవవాడి కొడుకు పోయే చోట
కలం మూడుసార్లు వెనక్కి తిరిగింది.
ఒక కొట్టివేతయితే కాగితాన్ని చీల్చుకుని
అవతలి పుటలోని పెళ్లివిందులోకి దిగింది.

నా తెరమీద మాత్రం
"కుర్రాడు తెల్లారకముందే పోయాడు."
మూడు మాటలు.
ఉతికి ఆరేసినట్టు.

మొన్న మంగళవారం
నూటపన్నెండో పేజీ దగ్గర చెయ్యి ఆగింది.
పడవవాడి భార్య గుమ్మంలో నిలబడి ఉంది.
పెళ్లయిన మనిషా, అలసిన మనిషా?
మా భాషలో ఈ రెంటికీ ఎడం ఒక్క అక్షరం.
అలసిన దానికి
నడుమ ఒక చిన్న మూపురం ఎక్కువ, అంతే.
సిరా అలుక్కుపోయిన ఆ చోట
అది ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.
ఆవిడ నుదుటిరాత
వచ్చి వచ్చి నా చూపుడువేలి కింద పడింది.

కబురు పెడితే బస్సెక్కి వచ్చాడు.
భూతద్దం పెట్టి చూశాడు, వెలుతురుకెత్తి చూశాడు,
ఎవరి ఉత్తరమో దొరికినవాడిలా.
"రాసిన రాత్రి తెలుసు నాకు" అన్నాడు.
చాలాసేపటికి,
"మీరేమని చదివారు?"

ముప్పై ఒక్క ఏళ్ల కాపురం నాది.
పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి,
లేచి ఆపలేదు.
అతను కలం మూత తీసి
నా వైపు జరిపాడు.

పదేళ్లుగా కరెంటు బిల్లు మీద సంతకానికి తప్ప
వంగని వేళ్లు.
మొదట కాగితం మీద కాదు, గాల్లో గీసి చూసుకున్నాను.
తర్వాత పెట్టాను.
ఒక్క మూపురం.

నాది కుడిచెయ్యి.
ఆ పేజీ మొత్తానికి
మబ్బు పట్టని అక్షరం అదొక్కటే.