కుడికన్ను

గరివిడిలో దాన్ని ఎవరూ ముస్టాంగ్ అనలేదు.
ముందు జాలీ మీద పరిగెత్తే గుర్రం బొమ్మ ఉంది కాబట్టి
గుర్రంకారు అన్నారు.
గనుల రాజుగారి ముచ్చట అది.
విశాఖ రేవులో ఓడ దిగినప్పుడు పండుమిరప రంగు,
ఏడాది తిరిగేసరికి మాంగనీసు ధూళి పట్టి
ముదిరిన వంకాయ రంగు.

అమెరికా బండి కదా, స్టీరింగు ఎడమపక్క.
డ్రైవరు తవిటయ్య కాలవగట్టు వైపు కూచుని
ఎదురొచ్చే లారీని ఎలా చూస్తాడు?
అందుకని నన్ను పెట్టారు,
పదేళ్ల గుంటణ్ణి, రోజుకి అర్ధరూపాయి.
కుడి కిటికీలోంచి మెడ సాచి
"ఖాళీ!" అనో "ఆగు!" అనో అరవడమే ఉద్యోగం.
తవిటయ్య నన్నేనాడూ పేరుతో పిలవలేదు.
"ఏటిరా కుడికన్నూ, తిన్నావేటి?" అనేవాడు.

ఆ ఇంజను చప్పుడు చెవితో వినేది కాదు.
సీటు కింద పుట్టి, వెన్నులోంచి పాకి,
పళ్లల్లోకొచ్చి ఆగేది.
నెల్లిమర్ల జూట్ మిల్లు దగ్గర షిఫ్టు దిగిన జనం
బండి కనబడకముందే దారిచ్చేవారు.
తవిటయ్య ఉన్నట్టుండి తల వంచి వినేవాడు:
"ఎనిమిది గదుల ఇల్లురా ఇది,
మూడో గదిలో ఎవుడో దగ్గుతన్నాడు."
బానెట్ ఎత్తితే మూడో ప్లగ్గే నల్లబడి ఉండేది.

బ్రేకు మాత్రం
దండం పెట్టుకుని తొక్కాల్సిందే.

మొన్న రాజుగారి మనవడు కొత్త గుర్రాన్ని తెచ్చాడు.
అదే జాలీ, వెనకాల అవే మూడేసి నిలువు దీపాలు,
తాత ముక్కు మనవడికొచ్చినట్టు.
స్టీరింగు కుడిపక్క.
"ఎక్కు మేస్త్రీ" అన్నాడు. ఎక్కాను.
నా వైపు కిటికీలో కాలవగట్టు తప్ప
చూడ్డానికేం లేదు.

నాలుగు లైన్ల రోడ్డు మీద తొక్కాడు.
అదే చప్పుడు! ఒళ్లు జలదరించింది.
పళ్లల్లోకి మాత్రం రాలేదు.
అడిగితే నవ్వి, తెర మీద వేలు పెట్టి చూపించాడు.
చప్పుడులో కొంత స్పీకర్లోంచి వస్తుందట.
పెంచుకోవచ్చట, తగ్గించుకోవచ్చట,
ఇరుగుపొరుగు నిద్రపోతుంటే
గుర్రం కాళ్లకి గుడ్డ చుట్టొచ్చట.
"చచ్చిన దూడ తోల్లో గడ్డి కుక్కి
ఆవు ముందర నిలబెట్టినట్టుంది బాబూ" అన్నాను.
అతను ఏసీ పెంచాడు.

తిరుగుదారిలో, గుర్ల మలుపులో,
గోగునార మోపు కట్టుకున్న సైకిలొకటి అడ్డం తిరిగింది.
"ఆగు!"
యాభై ఏళ్ల తర్వాత నా నోట్లోంచి.
ఆ మాట సగంలో ఉండగానే
బండి తనంతట తనే ముక్కు నేలకి వంచి ఆగిపోయింది.
సైకిలతను మమ్మల్ని తిట్టి, మోపు సర్దుకుని,
నెమ్మదిగా తొక్కుకుంటూ పోయాడు.

ఆ మలుపే.
లాంతరు లేని ఎడ్లబండి.
ధూళి కమ్మిందో, నాకే రెప్ప పడిందో.
"ఖాళీ!" అన్నాను.
తవిటయ్య నన్ను నమ్మాడు.
ఆ బండికి బెల్టుల్లేవు.
స్టీరింగు కడ్డీ మెత్తనిది కాదు.
చిన్నపిల్లాడని నన్నెవరూ ఒక్క మాట అనలేదు.
అంటే బావుణ్ణు.

పాత గుర్రం తూనిక షెడ్డులో ఇటుకల మీదుంది.
ఆదివారాలు వెళ్లి తుడిచొస్తాను.
కార్బొరేటరు విప్పి పెట్రోలుతో కడిగి
మళ్లీ బిగిస్తాను. నడపను.

"ఏది బావుంది మేస్త్రీ, మా తాతదా, నాదా?"
ఏం చెప్పను.
"ఓపాలి మళ్లీ బ్రేకు తొక్కు బాబూ" అన్నాను.
కొంత దూరం పోనిచ్చి తొక్కాడు. ఆగింది.
"ఇంకోపాలి."
ఆగింది.
మూడోసారి అడిగేసరికి
పక్కకి తీసి ఇంజను కట్టేశాడు.

స్పీకర్లు ఊరుకున్నాయి.
బానెట్ కింద కాలిన ఇనుము చల్లారుతూ
టిక్కు, టిక్కు మంటోంది.
ఆ రాత్రి కూడా
జనం లాంతర్లు పట్టుకొచ్చే దాకా
అదే వింటూ కూచున్నాను.