రెండో సాక్షి

మొదటి సాక్షి కాశింసాయిబు పోయి నాలుగేళ్ళు.
అందుకని నన్ను పిలిచారు.
మార్కాపురం నుంచి ఒంగోలు దాకా బస్సు,
అక్కణ్ణుంచి మద్రాసుకి రైలు.
పలకలకి చట్రాలు బిగించే చేతుల్ని
దారంతా ఒళ్ళో పెట్టుకుని కూచున్నా.

కాయితం ఒకటే, ఆదిశేషమ్మ వీలునామా.
ఆస్తులు రెండు:
తర్లుపాడు రోడ్డులో రేకుల షెడ్డు,
తండయారుపేటలో రెండు గదుల ఇల్లు,
మన పలకలు ఓడలెక్కే రోజుల్లో మొగుడు కొన్నది.
షెడ్డుకి ఆ కాయితం చాలంట.
మద్రాసు ఇంటికి చాలదంట, ప్రొబేట్ కావాలంట.
గుండ్లకమ్మ ఒడ్డున నిజమైంది
కూవం ఒడ్డున మళ్ళీ రుజువు కావాల.
"అంటే ఏందయ్యా?" అన్నా వకీలుతో.
"చచ్చినామె మాట చచ్చినామెదేనని
కోర్టు నమ్మి ముద్ర వెయ్యడం" అన్నాడు,
టీ గ్లాసు మీద ఈగని తోలుతూ.

రాసిన రోజు గుర్తుంది.
లేఖరి తిరుపాలయ్య చదవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"సాక్షులకి లోపలి సంగతి దేనికి?
నేను చేవ్రాలు పెట్టేది చూడండి, చాలు."
ఆమె పెట్టింది, మేం చూశాం.
మేం పెట్టాం, ఆమె చూసింది.
తర్వాత నావైపు వంగి, మెల్లిగా,
"నీకేం రాయలా గాలెయ్యా.
పేరు లోపలుంటే నీ మాటకి బయట విలువుండదు."
అప్పుడు నవ్వొచ్చింది.
ఇప్పుడూ సగం వస్తది.

ఇల్లు ఎవరికి రాసిందో కోర్టు మెట్ల మీద తెలిసింది,
ముప్పయ్యేళ్ళుగా అందులో అద్దెకున్న
ఇస్త్రీబండి మునెమ్మకి.
మరిది కొడుకులు ఊరుకుంటారా? కేవియట్ వేశారు.

వాళ్ళ వకీలు పాత క్రయ దస్తావేజు ఒకటి ఎత్తి పట్టాడు.
ఆమె ఎడమ బొటనవేలు, నల్లగా, నిండుగా.
"యాభయ్యేళ్ళు వేలిముద్ర వేసిన మనిషి
ఇందులో సంతకం ఎట్లా చేసింది?"

"నేను నేర్పించానయ్యా."
"ఎక్కడ?"
"షెడ్డులో. కోత మిషను ఆగినప్పుడు, ఆ వేసవంతా."
"దేని మీద?"
"మూల విరిగిన పలక మీద. అమ్మకానికి పనికిరాంది."
"ఆ పలక ఉందా?"
"ఉంది."
"దాని మీద ఆమె రాత ఉందా?"

'ఆ' దిద్దడానికే తొమ్మిది రోజులు.
'ది'కి గుడి పెట్టబోతే కొమ్ము వచ్చేది.
'శే' కాడికొచ్చేసరికి బలపం విరిచి పారేసి
ఈ పేరు పెట్టినోడు ఏ నరకంలో ఉన్నాడో అని తిట్టి,
ఇంకో బలపం ఇమ్మని చెయ్యి చాపేది.
లక్ష పలకలు పంపింది పిల్లకాయలకి,
ఒక్క దాని మీద కూడా
తన అక్షరం తెల్లారేదాకా ఉండనీలా.
పొద్దుగూకక ముందే తడిగుడ్డతో తనే తుడిచేది,
కూలోళ్ళు చూస్తే నవ్వుతారని.

"తుడిచేశామయ్యా" అన్నా.

దుబాసి ఆ మాటని ఏం చేసి చెప్పాడో.
టైపు మిషను కాసేపు ఆగింది.

వీలునామా నా ముందు పెట్టారు.
ఆరో పేజీ అడుగున ఆదిశేషమ్మ,
ఎడమకి కాస్త ఒరిగి,
గాలికి ఒరిగిన జొన్నకర్రలా.
కింద కాశింసాయిబు, గీత గీసినంత నిటారు.
ఆ కింద నేను.
ఎడమకి, కాస్త ఒరిగి.

పట్టుకుని దిద్దించిన చెయ్యి ఎటు వాలితే
రాత అటే వాలుతుంది. ఏ పంతులైనా చెప్తాడు.
ఈ వకీలుకి చెప్తే ఇంకోటి అర్థమవుతుంది.
అడిగిన దానికే జవాబు చెప్పమన్నారు.
అది ఎవరూ అడగలా.

సాయంత్రం బత్తా నూటెనభై ఇస్తూ
గుమాస్తా రిజిస్టరు జరిపాడు.
"వేలిముద్రా, సంతకమా?"

"సంతకమే" అన్నా.
బతుకులో మొదటిసారి
నిటారుగా పెట్టా.