జనాభా బోర్డు

గుంటూరు రోడ్డు మీద, ఊరి మొదట్లో
పసుపు బోర్డు గీకుతున్నాడు పెయింటర్ బాజీ.
వాళ్ళ నాన్న వేసిన రెండువేల మూడొందల పదకొండు
పెళ్లలుగా రాలింది.
బ్యారన్లలో పొగాకు మగ్గి
ఊరంతా తేనెవాసన కొట్టిన రోజుల లెక్క అది.
కింద ఇంకో అంకె. దాని కిందది
రైల్వే హాల్టు ఎత్తేయకముందుది.

కొత్తది పద్నాలుగొందల ఆరు.
సెక్రటరీ కాగితమ్మీద రాసిచ్చాడు.

మిరపకోతకొచ్చి
కప్పులేని బ్యారన్లో పడుకునే
కర్నూలు వాళ్ళు ముప్ఫైమంది
అందులో లేరు.
నిన్న రాత్రి వాళ్ళలో ఒకామెకి కాన్పయింది.
"ఘాటుకి తుమ్ముతూ పుట్టిందయ్యా ఆడపిల్ల"
అంటూ పోయింది రూతమ్మ,
మోచేతిదాకా వేణ్ణీళ్ళ తడితో.

బాజీ కుంచె ముంచాడు.
ఆరు కొసని వంచి
ఒంటికి కలిపాడు.
ఎనిమిది.
తల్లీ, పిల్లా.

అడిగేదెవరు,
ఎక్స్‌ప్రెస్ బస్సు కూడా ఇక్కడ ఆగదు.