సున్నా పాయింట్ ఐదు

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, చివరి సెమిస్టర్.
నా ప్రాజెక్టులో నాలుగు వందల పన్నెండు వరసలు.
ఆడపిల్లలకి ఒకటి, మగపిల్లలకి రెండు
అని కోడ్ ఇచ్చుకున్నాను.
సగటు తీస్తే
ఒకటి, రెండుని దాటేసింది.
ఏడు పాయింట్ తొమ్మిది. ఏడు పాయింట్ రెండు.

గైడు గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
"తేడా సార్థకమేనమ్మా" అన్నారు.
"లాక్‌డౌన్ ఆడపిల్లలకి కలిసొచ్చిందని రాసెయ్."

కిటికీలోంచి చూస్తే
బెర్తు దొరక్క సముద్రంలో ఆగిన ఓడలు, ఐదు.
ఏది కనబడ్డా లెక్కపెట్టడం అలవాటైపోయింది.

రాయబోయి
ఫోన్లు మొదలుపెట్టాను.

పెద్ద జాలరిపేట, వాసుపల్లి కుసుమ.
వీడియో ఎప్పుడూ ఆఫ్, మైకు మ్యూట్.
కత్తిపీట ముందు కవళ్ళు శుభ్రం చేస్తూ
ఒక చెవిలో ఆర్గానిక్ కెమిస్ట్రీ,
రెండో చెవి అమ్మ పిలుపుకి.
"సూసి రాయొచ్చన్నారు కదక్కా పరీచ్చ.
అందరూ పడుకున్నాకే
నాకు పుస్తకం దొరికీది."
ఎనిమిది పాయింట్ నాలుగు.

కంచరపాలెం, గేదెల లోహిత్.
నాన్న ఆటో ఆగిపోతే
బిర్యానీ పొట్లాలు మోశాడు, గేట్ల దగ్గర పెట్టి దూరంగా నిలబడ్డాడు.
"ఫోన్ ఒక్కటే కదండీ.
క్లాసు వింటే ఆర్డర్ పోద్ది, ఆర్డర్ పడితే క్లాసు పోద్ది.
అప్పది కూడా మన యూనివర్సిటీయే.
ఇద్దరి ఫీజూ కట్టాల. నేనెళ్ళాను."
ఆరు పాయింట్ ఒకటి. రెండు బ్యాక్‌లాగులు.
వాళ్ళ అప్ప కూడా నా పట్టికలోనే ఉంది,
తొమ్మిది దగ్గర.
ఆ రెండు వరసల మధ్య
నూట నలభై వరసల దూరం.

కూర్మన్నపాలెం ఇందుమతి
ఆపకుండా చెప్పింది:
"ముహూర్తం రెండుసార్లు వాయిదా పడిందండీ.
ఆ రెండు వాయిదాల్లోనే డిగ్రీ అయింది."
కాసేపు ఎవరిదో టీవీ చప్పుడు.
"ఈ నంబరు మారుస్తున్నాను. మళ్ళీ చెయ్యకండి."

ఇక అసలు పరీక్షకే రానివాళ్ళు ముప్పై ఒక్క మంది.
వాళ్ళు సగటులో ఉండరు.
పద్ధతి అదే, నాకు నేర్పిందీ అదే.
స్విచాఫ్, స్విచాఫ్, నంబరు ఉపయోగంలో లేదు,
ఒకచోట మాత్రం ఎవరి అమ్మో ఎత్తి
"మీరు కాలేజీ నించా?" అని అడిగి
నేను అవునన్నాక
పెట్టేసింది.

పద్నాలుగో ప్రశ్న:
చదువుకోడానికి ఇంట్లో మీకు విడిగా గది ఉందా?
ఉంటే ఒకటి, లేకపోతే సున్నా.
"గదైతే ఉందక్కా" అంది కుసుమ, "గొళ్ళెం నేదు."
సున్నా పాయింట్ ఐదు అని కొట్టాను.
గడి ఎర్రబడింది.
అలా వీల్లేదంది.
ఇంకా తుడవలేదు.

నూట డెబ్భై ఆరో వరస నాది.
అక్కడ ఒకటి వేసుకున్నాను, తడుముకోకుండా.
అబద్ధమేం కాదు.
అన్నయ్యకి కేజీహెచ్‌లో నైట్ డ్యూటీ పడిన రోజుల్లో,
పది నుంచి ఆరు దాకా,
ఉండేది.