తాళం కన్నంలోంచి నీలిదారం

మా దీవిలో పావడాలు మాట్లాడతాయి.
ఎర్రచారలు నిండుగా ఉంటే ఇంట్లో సంతోషం,
నీలం ఎక్కువైతే ఎవరో పోయారని.
కిహ్నులో ఎవరినీ పరామర్శగా అడగక్కర్లేదు,
నడుం కిందికి చూస్తే చాలు.

ఆ చలికాలం సముద్రం గడ్డకట్టి
పోస్టుమాన్ దానిమీదే నడిచొచ్చేవాడు.
రోసి అమ్మమ్మ మగ్గం మీద నాకోసం
ఎర్ర పావడా గుడ్డ నేస్తోంది.
పొద్దున లేచేసరికి అందులో ఒక నీలిచార,
రోజూ, ఎవరూ నేయకుండానే.
అమ్మమ్మ ఏమీ అనేది కాదు.
విప్పి, ఉండ చుట్టి, పొయ్యిలో పడేసేది.
ఉన్ని కాలిన కంపులో రొట్టె తినేవాళ్ళం.

ఎవరు పోయారు?
వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.
కుంటిమేకతో సహా అందరం ఉన్నాం.

చెప్పుకోడానికి నాకున్నది టానెల్ ఒక్కడే.
వాళ్ళ ఇల్లు లైట్‌హౌస్ అవతల.
అటు వెళ్ళకు అనేవారు మా ఇంట్లో.
ఎందుకంటే, "ఎందుకేమిటి? వెళ్ళకు."
అందుకని వాడే పెరటి వైపునుంచి వచ్చేవాడు,
జేబునిండా ఎండుచేపలతో,
ఒక చేతికే ఉన్ని తొడుగుతో.
రెండోది నా చేతికుండేది.

ఒక రాత్రి ఇద్దరం మగ్గం కింద దాక్కున్నాం.
వాడు చేప నములుతుంటే డొక్కలో పొడిచాను.
అప్పుడే,
తలుపు తాళం కన్నంలోంచి
తడిదారం ఒకటి, నీలంగా,
పాలగిన్నె కోసం వచ్చే పిల్లిలా లోపలికొచ్చింది.
వేలికి రాసుకుని నాకాను. ఉప్పు.

దారం పట్టుకుని నడిచాం,
చర్చి దాటి, బోర్లించిన పడవలు దాటి,
లైట్‌హౌస్ దాటి.
ఎక్కడికో టానెల్‌కి నాకన్నా ముందే అర్థమైంది.
మాట్లాడటం మానేశాడు.

వాళ్ళ నాయనమ్మ లీసు నిద్రపోతూ
రాట్నం తిప్పుతోంది.
మూసిన కళ్ళలోంచి జారేదే దారమవుతోంది.
పెదాల మీద ఒక పేరు: మిహ్కెల్.

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.
దాని చోటు మాత్రం తెలుసు.
మా బైబిల్ మొదటి పేజీలో, అమ్మమ్మ పేరుకి పైన,
కత్తెరతో కోసిన చిన్న కిటికీ.
అందులోంచి టానెల్‌ని చూసి వెక్కిరించేదాన్ని.

తెల్లారాక అమ్మమ్మని నేను అడగలేకపోయాను.
టానెల్ అడిగాడు.
పరాయింటి పిల్లాడు కాబట్టి అడగగలిగాడేమో.
అమ్మమ్మ నేత ఆపలేదు, మగ్గంతోనే చెప్పింది:
"యుద్ధం రోజులు. నాకు పద్నాలుగు.
అర్ధరాత్రి తలుపు చప్పుడు. సైనికులనుకున్నా.
మూడుసార్లు కొట్టి ఊరుకుంది.
పొద్దున చూస్తే మెట్ల మీద అన్నయ్య టోపీ,
మంచులో అడుగులు సముద్రం దాకా.
ఎవరూ రాలేదనే చెప్పా అందరికీ.
లీసు నమ్మలేదు. ఉంగరం ఇస్తానన్నాడు దానికి."

మేం చేసింది పెద్దగా ఏమీ లేదు.
ఆ రాత్రి తలుపు బార్లా తీసిపెట్టి
చలికి తిట్లు తింటూ కూర్చున్నాం.
దారం రాలేదు.
లీసు వచ్చింది, కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని,
గడప మీద నిలబడి
తెరిచే ఉన్న తలుపుని మూడుసార్లు కొట్టింది.
అమ్మమ్మ లేచింది.

వాళ్ళేం మాట్లాడుకున్నారో తెలీదు.
మమ్మల్ని మేక దగ్గరికి తరిమేశారు.

నా పావడాలో ఒక్క నీలిచార మిగిలింది.
కొత్తగా ఎవరు పోయారని ఎవరైనా అడిగితే
నేను నోరు తెరవకముందే టానెల్ అనేవాడు,
"కొత్తగా కాదు."