కర్త లేని క్రియ

రీగాలో ఫిబ్రవరి. దౌగవ నది గడ్డకట్టింది.
నాలుగో అంతస్తులో పనిచేసే హీటరు ఒక్కటే,
దాని పక్క కుర్చీ కోసం ప్రొఫెసర్లు పావుగంట ముందే వస్తారు.
నాది తలుపు దగ్గర కుర్చీ.
నేను మినిట్స్ రాసే మనిషిని.
ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను,
ఒక్క కాగితంలోనూ నా పేరుండదు.

ఇవాళ బల్ల మీద దరఖాస్తు నెంబరు డెబ్బై మూడు.
అడిగింది పదకొండు కోట్ల యూరోలు.
ఏ పనైనా నేర్చుకోగల యంత్రం, అని మొదటి పేజీ.
"ఏ పని?" అన్నాడు ఇల్గ్‌వార్స్, చెవి మిషను సర్దుకుంటూ.
"ఏ పనైనా."
"అదే, ఏ పని?"
మూడుసార్లు అడిగాడు. నేను ఒక్కసారే రాశాను.

సాధారణ ప్రజ్ఞ అంటారట దాన్ని.
సాధారణం!
మా అమ్మ ఎంగురెలో చేపలు పొగబెట్టే షెడ్డులో పనిచేసింది.
పొగ రంగు చూసి కట్టె తడి చెప్పేది,
కత్తి పట్టిన తీరు చూసి
ఏ పిల్ల రాత్రి నిద్రపోలేదో చెప్పేది,
లెక్కల్లో గుమాస్తాను తప్పు పట్టేది.
దాన్నీ సాధారణమే అన్నారు.
ప్రజ్ఞ అన్న మాట మాత్రం
ఎవరి నోటా రాలేదు.

పదకొండు కోట్లంటే ఎంతో నా బుర్రకెక్కదు.
మార్జిన్లో వేసి చూశాను:
నా జీతంలో నెలకు పోయే పన్ను మూడువందల పన్నెండు.
ఇరవై తొమ్మిది వేల ఏళ్ళ పైచిలుకు
నేను ఈ తలుపు దగ్గరే కూర్చోవాలి.
పెన్సిలుతో వేశాను కనక చెరిపేశాను.

సర్మీతె అనే అమ్మాయి వచ్చింది, బూట్లనుంచి మంచు కారుతూ.
స్లైడ్లు తెరవలేదు.
"కంపెనీలెలాగూ కడుతున్నాయి," అంది.
"సరుకూ కొట్టువాడిదే, త్రాసూ కొట్టువాడిదే అయితే
తూకం సంగతి ఎవర్నడుగుతాం?
జనం డబ్బుతో కడితే
లోపలేముందో చూపించమనే హక్కు
కనీసం జనానికుంటుంది."
నా పెన్ను ఆగింది.
పెన్సిలు లెక్క చెరిపినందుకు కాదు గానీ
దానికి జవాబులాంటిది విన్నాననిపించింది.

ఆమెను వరండాలో కూర్చోబెట్టి
బేరం మొదలుపెట్టారు.
కంప్యూటర్లు తగ్గించడానికి వీల్లేదు.
కరెంటు తగ్గించడానికి వీల్లేదు.
నూట తొంభయ్యో పేజీ దగ్గర అందరి వేళ్ళూ ఆగాయి:
యంత్రం అబద్ధమాడితే, దారి తప్పితే,
ముందుగా పసిగట్టే బృందం.
ఆరుగురు మనుషులు. నాలుగేళ్ళు.
"ఇది తర్వాత చూసుకోవచ్చు," అన్నాడు ఇల్గ్‌వార్స్.

చిన్నప్పుడు జూలో చూసిన ఏనుగు గుర్తొచ్చింది.
కంచె ఇవతల నేను, అమ్మ చెయ్యి, చేపల వాసన.
దాని పక్కన బక్కపల్చటి కాపలావాడు,
వాడి చేతిలో మూరెడు కర్ర.
ఏనుగును కొని
అంకుశం దగ్గర బేరమాడుతున్నారు వీళ్ళు.

ఏడుగురిలో ఐదు చేతులు లేచాయి.
జిగ్రీద కిటికీలోకి చూసింది.
ఇంకొకాయన కాఫీ కోసం లేచాడు, ఆయన్ని లెక్కెయ్యలేదు.

ఇప్పుడు నేను రాయవలసిన మాట ఒకటుంది:
తొలగించడమైనది.
మా ఆఫీసు భాషంతా ఇదే.
ఆమోదించడమైనది, వాయిదా వేయడమైనది,
గమనించడమైనది.
కర్త లేని క్రియలు,
ఎవరి చెయ్యీ తగలకుండా తలుపులు మూసుకునే ఇల్లు.
రాశాను.
కొట్టేశాను.
ఇల్గ్‌వార్స్ ప్రతిపాదించగా, అని మొదలుపెట్టి
ఐదు పేర్లూ వరసగా రాశాను,
ఇంటిపేర్లతో సహా.
చెయ్యి వణికితే 'ర' వత్తు కాస్త వంకరపోయింది.

సాయంత్రం అధ్యక్షుడి ముందు పెట్టాను.
ఆయన గడియారం చూసుకున్నాడు,
ట్రాము ఆరుంపావుకి.
చదవకుండానే సంతకం పెట్టాడు.

మెట్ల దగ్గర సర్మీతె ఇంకా ఉంది,
బూట్ల కింద చిన్న మడుగు.
"వచ్చిందా?" అంది.
"వచ్చింది," అన్నాను. "సగం."
ఏ సగమో అడగలేదు. నేనూ చెప్పలేదు,
ఫలితాలు ముందుగా చెప్పడం నేరం.

ట్రాములో ఒక ఆలోచన,
మంచిదో కాదో తెలీదు:
ఏ పనైనా నేర్చుకోబోయే ఆ యంత్రం
ఎప్పుడో ఒక రోజు మా పాత మినిట్సూ చదువుతుంది కదా.
చదవనీ.
మనుషుల్లో ఇంతవరకూ
ఎవరూ చదవలేదు.