ఏడో అంతస్తు మీద సాము

నేల విడిచి సాము అనే మాట
మా పట్ల అక్షరాలా నిజం.
షామ్ షుయ్ పోలో ఏడంతస్తుల పాత మేడ.
లిఫ్టు లేదు.
పైకప్పు మీద నీళ్ల ట్యాంకులు,
తుప్పు పట్టిన యాంటెన్నాలు,
ఎవరో ఆరేసి మరిచిపోయిన దుప్పట్లు.
వాటి మధ్య షెక్ సీఫూ కుంగ్‌ఫూ బడి.

పదమూడో ఏట ఎక్కాను ఆ మెట్లు.
మొదటి ఏడాదంతా గుర్రపు నిలకడే,
లేని గుర్రం మీద కూర్చోవడం.
అగరొత్తి కాలి బూడిద రాలేదాకా
తొడలు వణికేవి,
గుర్రం అంగుళం కదిలేది కాదు.

తర్వాత కొయ్యమనిషిని అప్పగించారు.
మూడు చేతులు, ఒక కాలు.
ముఖం లేదు.
పద్దెనిమిదేళ్లు కొట్టాను వాణ్ణి.
నా ముంజేతుల రాపిడికి
వాడి చేతులు నునుపుదేలి తేనెరంగుకు తిరిగాయి.
గెలుస్తున్నాననే అనుకున్నాను.

పోయిన శనివారం క్వున్ టాంగ్‌లో,
ఒకప్పటి బొమ్మల ఫ్యాక్టరీ మూడో అంతస్తులో,
ఉంగ్ హో-లాం ఎదుట నిలబడ్డాను.
ఇరవై రెండేళ్ల వాడు, లిఫ్టులు బాగుచేస్తాడు.
"అన్నా, పళ్లకి గార్డు పెట్టుకున్నావా?"
మర్యాదగానే అడిగాడు.

చేతులు చాపి నిలబడ్డాను, నేర్పినట్టే.
అతనికి ఎవరూ అది నేర్పలేదు.
కొయ్యమనిషి చెయ్యి పెట్టిన చోటే ఉంటుంది,
నేను అడ్డుకునేదాకా ఓపిగ్గా ఆగుతుంది.
ఇతని చెయ్యి
వచ్చిందని నాకు తెలిసేలోపు
తిరిగి ఇంటికి వెళ్లిపోయింది.
రెండోసారి వచ్చినప్పుడు
కప్పుకు వేలాడే ట్యూబ్‌లైటు
ఆరుతూ వెలుగుతూ కనిపించింది,
నా ముఖానికి సరిగ్గా పైన.

పద్దెనిమిదేళ్లు.
పదకొండు సెకన్లు.
ఏడాదికి ఒక్క సెకనన్నా గిట్టలేదు.

ఆ రాత్రి సీఫూ నా దవడకి
ఘాటు మందునూనె రాస్తున్నారు.
ఆయన ఎవరి ఎముక సర్దినా ఏమీ అడగరు.
నేనే అడిగాను:
"సీఫూ, మీరెప్పుడన్నా
నిజంగా కొట్టుకున్నారా?"

నూనె సీసాకి మూత పెట్టారు. తీశారు. మళ్లీ పెట్టారు.
"ఒక్కసారి. యావ్ మా టేయి పళ్ల మార్కెట్లో.
వాడి చేతిలో బస్తాలు లాగే ఇనుప కొక్కెం."
"ఏ ఎత్తు వేశారు?"
"లిచీ పళ్ల బుట్ట.
మొహాన విసిరి పరిగెత్తాను.
నాలుగు వీధులు తరిమాడు.
గుర్రపు నిలకడ తొడలు కదా,
అందలేదు."

కట్టుడు పళ్లు తీసేసి ఉన్నారేమో
నవ్వు గాలిలా వచ్చింది.
నాకు నవ్వు రాలేదు, దవడ వల్ల కాదు.
"ఈ మాట అప్పుడే చెప్పొచ్చుగా?"
"చెబితే జీతం కట్టేవాడివా?"

కాసేపటికి, దీపం తగ్గించాక,
ఎవరితోనో అన్నట్టు అన్నారు:
"మా గురువుని నేను అడగలేదు.
భయం.
అడిగి ఉంటే
ఆయన దగ్గర ఏ బుట్ట బయటపడేదో."

ఇప్పుడు మంగళవారాలు క్వున్ టాంగ్ వెళుతున్నాను.
డబ్బు కట్టి మరీ తన్నులు తింటున్నాను.
"చెయ్యి ఇచ్చేసి మరిచిపోతున్నావ్ అన్నా,
అప్పు ఇచ్చినట్టు ఇవ్వు,
వెంటనే వసూలు చేసుకో" అంటాడు హో-లాం.

అయినా పొద్దున్నే ఏడంతస్తులూ ఎక్కుతాను.
ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు,
మోకాళ్ల దగ్గర ఉందేమో.
సీఫూ పక్షి పంజరానికి గుడ్డ తీస్తుంటారు.
దుప్పట్లు తడిగా తగులుతాయి భుజానికి.

నిన్న కొయ్యమనిషి ఎదుట నిలబడి
ఒక్క దెబ్బ వేశాను.
వాడు తిరిగి కొడతాడేమోనన్నట్టు
చప్పున
చెయ్యి వెనక్కి లాక్కున్నాను.